పొట్టికొర్ర పండని చోటు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా ఇంట్లో అంటారు, ఆఫీసులో అంటారు, నంద్యాల కూరగాయల బజారులో టమాటాలమ్మే ఆమె కూడా అంటుంది. అందుకే ముందే చెప్పేస్తున్నాను. నేను చెప్పబోయే సంగతిలో సగం రోజులు ఒక మనిషిని తిట్టుకుంటూ గడిపాను. ఆ మనిషి ఇప్పుడు నాకు సొంత చెల్లెలికంటే ఎక్కువ.

నేను కొర్రల మీద పనిచేస్తాను. ఊరి శివార్లలో ఒక చిన్న పరిశోధన క్షేత్రం, అందులో ఒక రేకుల షెడ్డు, షెడ్డులో నా బల్ల. నా చీర మడతల్లో, టిఫిన్ డబ్బాలో, చివరికి మంచం మీద కూడా కొర్రగింజలు దొరుకుతాయి. మా ఆయన దుప్పటి దులిపినప్పుడల్లా "పిచ్చుకల్ని పిలవమంటావా?" అంటాడు.

ఏళ్ల తరబడి కష్టపడి ఒక రకాన్ని తయారు చేశాను. ఎత్తు పెరగదు, గాలివానకు పడిపోదు, కంకి మాత్రం చేతికి బరువు తెలిసేలా ఉంటుంది. కాగితాల మీద దానికి పొడుగాటి నంబరుంది. కోతకొచ్చిన ఆడవాళ్లు మొదటిసారి చూసి "పొట్టిది" అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. ఎత్తు సంగతి ఎలా ఉన్నా దాని అసలు గొప్ప వెర్రికంకి తెగులు అంటకపోవడం. ఆ తెగులు వస్తే కంకి గింజ పట్టడం మానేసి పచ్చటి ఆకుల కుచ్చుగా మారిపోతుంది. రైతు పొలంలో నిలబడి దాన్ని చూస్తూ ఉండిపోవడం తప్ప చేసేదేమీ ఉండదు. పొట్టిది రైతుల చేతికి వెళ్లాలంటే కొత్త రకాలను పరిశీలించే కమిటీ ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే విత్తనం సంచుల్లోకి ఎక్కుతుంది. లేదంటే చల్లటి గదిలో చిన్న పొట్లమై మిగిలిపోతుంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నేను ఇంతగా కోరుకున్నది మరొకటి లేదు.

పొట్టిదాన్ని మా క్షేత్రంలోనే కాక ఆళ్లగడ్డ దగ్గర ఒక రైతు పొలంలో కూడా పరీక్షించాం. పొలం ఒక అక్కది. వాళ్లాయన ఆళ్లగడ్డ బజారులో పరుపులు కుడతాడు, సేద్యమంతా ఆమెదే. మంచి లోతైన నల్లరేగడి. పొలంలో ఒక మూల మాత్రం మాకిచ్చింది, మిగతాదంతా తన పాత విత్తనమే చల్లుకునేది. మేము ఎంత చెప్పినా పొట్టిదాన్ని తన వైపు రానివ్వలేదు.

"మీ ఆఫీసోళ్లు తెచ్చిందంతా బంగారమనే చెప్తారు మేడం. చెడ్డదని చెప్పి ఏదన్నా ఇచ్చినారా ఎప్పుడన్నా?" అనేది. నాకు ఒళ్లు మండేది కానీ, ఆమె పెట్టే జొన్నరొట్టె, గోంగూర నా నోరు మూయించేవి.

ఇక్కడ నా ఇంకో పట్టుదల గురించి చెప్పాలి. పొలంలో తీసిన లెక్కలు, బాగా వచ్చినవీ రానివీ, తక్కిన శాస్త్రవేత్తలు చూసి వాడుకునేలా ఇంటర్నెట్లో పెట్టేయాలి అంటాను నేను. దీనికి కారణముంది. ఒకసారి ఒక రకం మీద నేను రెండు ఖరీఫులు తగలేశాను, అది పైకి రాలేదు. తర్వాత ఒక సభలో భోజనాల దగ్గర తెలిసింది, పక్క జిల్లాలో ఒకాయన అదే రకాన్ని అంతకుముందే పరీక్షించి, పనికిరాదని తేల్చుకుని, లెక్కలు బీరువాలో పెట్టుకున్నాడట. ఆ ముక్క పదిమందికీ చెప్పి ఉంటే నా రెండేళ్లు నాకు మిగిలేవి. నేను ఆయన ముందే అప్పడం విరిచిన తీరు చూసి పక్కవాళ్లు లేచి వేరే బల్లకు వెళ్లారు.

మా పై అధికారికి ఇదంతా నచ్చదు. ఆయన్ని మేమంతా పెద్దాయన అంటాం. జూపాడు బంగ్లా వైపు మనిషి, పదవీ విరమణ దగ్గర్లో ఉన్నాడు. ఆళ్లగడ్డ లెక్కలు బయట పెడతానని అడిగితే కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏందమ్మా, తలుపుల్లేకుండా ఇల్లు కడతాండావా? వెనకటికి ఒకాయన నా లెక్కలు అడుక్కోని పాయ. నా పేరు లేకుండా అచ్చేసుకునె. నేను చూసి నోరెళ్లబెట్టుకోని కూచుంటి."

ఆయన బాధలో న్యాయముంది, అది నేను కాదనలేదు. రెండు రోజులు వాదించుకున్నాం, మూడో రోజు మిరపకాయ బజ్జీల దగ్గర రాజీపడ్డాం. ఎవరు వాడుకున్నా ఇవి ఎవరి లెక్కలో రాసి తీరాలని షరతు పెట్టాం. అక్క సంగతి నేను ముందే ఆమెతో మాట్లాడాను. "నా పేరూ ఫోన్ నంబరూ పెట్టినావంటే విత్తనాల కంపెనీలోళ్లు ఫోన్లు చేసి సంపుతారు. అవి లేకుండా ఏమన్నా రాసుకో" అంది. కాబట్టి ఆమె పేరు, సర్వే నంబరు, ఊరు అన్నీ తీసేసి ఆళ్లగడ్డ మండలం, నల్లరేగడి అని మాత్రం ఉంచాం. నేల ఎలాంటిదో తెలియకపోతే చదివేవాళ్లకు ఆ లెక్కలతో పని లేదు, అక్క ఎవరో తెలియాల్సిన అవసరం మాత్రం ఎవరికీ లేదు. పెద్దాయన సంతకం చేశాడు. నేను ఆ సాయంత్రం ఆఫీసులో అందరికీ జిలేబీ తెప్పించాను.

వర్షాకాలం మొదలయ్యాక ఒక మెయిల్ వచ్చింది. రాసింది బళ్లారి వైపు కొర్రల మీదే పనిచేసే ఒకామె. వయసులో నాకంటే చాలా చిన్నది. మర్యాదగా రాసింది. మీ ఆళ్లగడ్డ లెక్కలు తీసుకుని చూశాను, మీరు తెగులు లేదన్న రకం ఒక వరుసలో శుభ్రంగా ఉంది, పక్క వరుసలో నిండా తెగులుతో ఉంది, ఇలా ఎందుకుందో అర్థం కాలేదు, ఎక్కడైనా రాసేముందు మిమ్మల్ని అడుగుదామనుకున్నాను అని.

ఆ చివరి వాక్యం నాకు కనపడలేదు. నిండా తెగులు అన్న మాట ఒక్కటే కనపడింది. నా పొట్టిదానికి తెగులా! కమిటీకి పంపాల్సిన కాగితాలు బల్ల మీద ఉన్నాయి. ఆమె మాటే నిజమైతే అవి చెత్తబుట్టలోకే. ఆ అమ్మాయిని మనసులో ఎన్ని తిట్లు తిట్టానో రాస్తే ఈ కథ ఎవరూ అచ్చేయరు. మా ఆయన అన్నం తినేటప్పుడు "ఎవరిమీదే అంత కోపం?" అని అడిగి, ఆ రోజంతా నాకు దూరంగా తిరిగాడు.

పెద్దాయనకు చూపిస్తే "నేను చెప్పలే?" అన్నాడు. అంతే అన్నాడు కానీ ఆ మాట రోజుకు ఏడెనిమిదిసార్లు అన్నాడు. లెక్కల్ని వెనక్కి తీసేయమని కూడా అన్నాడు. తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టే కదా అని నేను మొండికేశాను. మా దగ్గర చూసుకుంటే పొట్టిది ప్రతి వరుసలోనూ శుభ్రంగానే ఉంది. ఆమె దగ్గర అవే అంకెలు, అదే పొట్టిది, జబ్బు పడి ఉంది. నాలుగైదు మెయిళ్లు అటూ ఇటూ నడిచాయి. నావి చురుగ్గానే ఉన్నాయని తర్వాత ఆమె చెప్పింది. చివరికి విసుగొచ్చి, ఈ ఏడు కూడా అదే పొలంలో అదే పద్ధతిలో వేశాం, పైరు కంకి మీదుంది, అంత అనుమానముంటే వచ్చి కళ్లతో చూసుకోమని రాశాను. వస్తుందని అనుకోలేదు.

వచ్చింది. నంద్యాల బస్టాండులో దిగినప్పుడు చూస్తే సన్నగా, భుజానికి పెద్ద సంచీ, నెత్తిన టోపీ. నేను గట్టిగా మాట్లాడదామని సిద్ధమై వెళ్లాను. ఆమె బస్సు దిగుతూనే "మేడం, ఫస్ట్ ఏమన్నా తినాల, ఆకలైతాంది" అంది, కన్నడం కలిసిన తెలుగులో. ఉగ్గాని బజ్జీ తినిపించాను. రెండు ప్లేట్లు తిని మూడోది నాతో పంచుకుంది. ఆకలితో ఉన్న మనిషి మీద కోపం నిలుపుకోవడం కష్టం. నేను శాయశక్తులా నిలుపుకున్నాను.

ఆళ్లగడ్డ దారిలో శిల్పులు రోడ్డు పక్కనే రాళ్లు చెక్కుతుంటారు. ఆ చప్పుడు దాటి పొలం చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. అక్క గట్టు మీద నిలబడి ఉంది. మళ్లన్నీ వరుసలుగా ఉన్నాయి, ఏ మడిలో ఏ రకమో చెప్పే పుల్లలు గుచ్చి ఉన్నాయి. బళ్లారి అమ్మాయి మా లెక్కల కాగితాలు తీసింది. ఏ రకం ఎక్కడ విత్తామో నంబర్లు లేకుండా గీసిన పటం ఒకటి, ఏ నంబరు మడిలో తెగులు ఎంతుందో చెప్పేది ఇంకొకటి.

"మీరెట్ల లెక్కపెట్టినారో నాకు చూపించండి" అంది.

సరే అని నేనూ అక్కా తూర్పు గట్టు దగ్గర మొదటి మడి నుంచి నడవడం మొదలుపెట్టాం. ఒకటి, రెండు, మూడు అని ఆమె వెనకే నంబర్లు చదువుతూ వచ్చింది. పడమటి గట్టు చేరాం. అక్కా నేనూ అక్కడే రెండో వరుసలోకి తిరిగి, వెనక్కి తూర్పుకు నడుస్తున్నాం. పదడుగులు వేశాక చూస్తే వెనక అమ్మాయి లేదు. ఎక్కడుందా అని చూస్తే, మళ్లీ తూర్పు గట్టుకు పరుగెత్తుకుని వెళ్లి, రెండో వరుస మొదట్లో నిలబడి మాకోసం ఎదురుచూస్తోంది.

"ఆడికి యాలపోయినావ్ తల్లీ?" అని అరిచింది అక్క.

"ఈడనే కదా రెండో వరుస మొదలయ్యేది?"

"ఈడ్నించి మొదలైతాది! గొర్రు ఈడ తిరుక్కుంటాది గదా! గొర్రు నెత్తిన పెట్టుకోని మళ్లా ఆ గట్టుకు ఎవురన్నా పోతారా?"

ఒక క్షణం ముగ్గురం ఎవరున్న చోట వాళ్లం నిలబడిపోయాం. తర్వాత నేను పొలం మధ్యలో కూర్చుండిపోయి నవ్వాను. విత్తనం వేసే గొర్రు, ఎద్దులు లాగినా ట్రాక్టరు లాగినా, చివరకు పోయి అక్కడే తిరిగి పక్క సాలులో వెనక్కి వస్తుంది. మేమూ పొలంలో అలాగే నడుస్తాం, అలాగే లెక్కపెడతాం. ఇందులో చెప్పడానికి ఏముందని మాకెవరికీ తోచలేదు, ఎక్కడా రాయలేదు. ఆమె చదువుకున్న చోట ప్రతి వరుసనూ ఒకే గట్టు నుంచి లెక్కపెడతారట. దాంతో ఒక వరుస విడిచి ఒక వరుస మొత్తం తలకిందులైంది. పొట్టిదాని ఆరోగ్యం ఎవరికో పోయింది, ఎవరి తెగులో పొట్టిదాని నెత్తినబడింది.

అమ్మాయి గట్టు మీద కూర్చుని, ఒళ్లో కంప్యూటర్ పెట్టుకుని, వరుసలు తిప్పి మళ్లీ లెక్క చూసింది. నేను ఆమె భుజం మీదుగా వంగి చూస్తున్నాను. పొట్టిది అన్ని వరుసల్లోనూ శుభ్రంగా ఉంది. ఆమె చప్పట్లు కొట్టింది. నేను ఆమెను వాటేసుకున్నాను. అన్ని రోజులు తిట్టిన మనిషిని వాటేసుకోవడంలో ఉన్న సుఖం నాకు అంతకుముందు తెలియదు.

ఆ మధ్యాహ్నం అక్క ఇంట్లో కొర్రన్నం, కోడికూర. వాళ్లాయన భోజనానికి ఇంటికొచ్చి సంగతంతా విని, కూర గిన్నె అమ్మాయి వైపు జరిపి, "మా ఆడోళ్లు గొర్రు మాదిరి తిరుగుతాంటారు, నువ్వు అలవాటు చేసుకోవాల" అన్నాడు. అక్క అతణ్ని చూసిన చూపుకు అతను తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. అక్కడే కూర్చుని లెక్కల ముందు నాలుగు వాక్యాలు చేర్చాం, వరుసలు ఎటు నుంచి ఎటు నడుస్తాయో చెబుతూ. పిచ్చిగీతలతో ఒక బొమ్మ కూడా వేశాం. వెళ్లేముందు అమ్మాయి నన్ను అక్కా అంది. పొట్టిదాని విత్తనం కొంచెం ఇస్తే మా ఎర్రనేలలో చూస్తానంది.

విత్తనం ఊరికే చేతిలో పెట్టేది కాదు, దానికి కాగితాలు కావాలి. ఆమెతో కలిసి పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన అమ్మాయిని ఎగాదిగా చూశాడు.

"ఏమ్మా, తెగులుందని నువ్వే గదా రాసింది? ఊరికే అచ్చేసుకోకుండా మమ్మల్ని యాలడిగినావ్?"

"మీ పైరు కదా సార్. మిమ్మల్నడక్కుండా ఎట్ల?"

ఆయన కాగితాలు ముందుకు లాక్కున్నాడు. సంతకం చేసి, ఆమె వెళ్లేటప్పుడు బస్టాండు దాకా తన స్కూటర్ మీద తనే దింపాడు. ఆ స్కూటర్ ఎవరికీ ఇవ్వడు, ఎవరినీ ఎక్కించుకోడు.

ఎండాకాలంలో నీటి కింద ఆమె పొట్టిదాన్ని వేసింది. వారానికి ఒక ఫొటో పంపేది. మొక్కను చూసి నేను మురిసిపోయేదాన్ని. కంకులు బయటికొచ్చాక ఫొటోలు తగ్గాయి. కమిటీ దగ్గరికొస్తోందనగా ఫోన్ చేసింది.

"అక్కా, కూచున్నావా?"

"చెప్పు."

"పొట్టిది మా దగ్గర రాలేదక్కా. తెగులు రాలేదు, కానీ కంకులు సగం తాలు. మా నేల లోతు లేదు, దానికి చాల్లేదు." మళ్లీ తనే అడిగింది. "ఈ లెక్కలు ఇంటర్నెట్లో పెట్టమంటావా, నీ కమిటీ అయిందాక ఆపమంటావా? నువ్వు ఎట్లంటే అట్ల."

మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేసి షెడ్డు వెనక్కి వెళ్లాను. అబద్ధం చెప్పను, ఆపు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. నాలుగు వారాలు ఆగితే ఏం పోయింది? ఆ అమ్మాయి అడక్కుండా పెట్టేసి ఉంటే నేను తేల్చాల్సింది ఏమీ ఉండేది కాదు, అడిగింది కాబట్టే ఇంత నరకం. కానీ ఆపమంటే నేనూ ఆ పక్కజిల్లా ఆయనలాగే బీరువాకు తాళం వేసినట్టే. ఎర్రనేల రైతు ఎవరో ఒకరు సంచీ కొనుక్కుపోయి, తాలు కంకులు చూసుకుంటూ గట్టు మీద నిలబడతాడు. నాకు భలే కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియకుండా. తిరిగొచ్చి ఫోన్ చేసి "పెట్టు" అన్నాను. ఆమె అవతల గట్టిగా ఊపిరి వదిలింది.

పెద్దాయనకు చెప్పాలి కదా, చెప్పాను. తిడతాడనుకున్నాను.

"పిచ్చిదానివి" అన్నాడు. తర్వాత కళ్లద్దాలు సర్దుకుని, "పొద్దున్నే చూసినా ఆయమ్మ లెక్కలు. వరుసలు ఎట్ల నడిచినాయో శుద్ధంగా రాసింది. నేల లోతు కూడా రాసింది" అన్నాడు. ఆయన అప్పటికే తెరిచి చదివేశాడన్నమాట.

కమిటీ కంప్యూటర్ తెర మీదే జరిగింది. నేను పట్టుచీర కట్టుకుని కూర్చున్నాను, పక్కన పెద్దాయన. అన్నీ అయ్యాక ఒక సభ్యుడు అడిగాడు, ఇది ఎక్కడైనా విఫలమైందా అని. బళ్లారి లెక్కలు తెర మీదికి తెచ్చి, ఇదిగో ఇక్కడ పండలేదు, నేల లోతు లేని చోట కంకి నిండదు అని చెప్పాను. వాళ్లు చాలాసేపు చూశారు. లోతైన నల్లరేగడి నేలలకు మాత్రమే అనుమతి ఇస్తున్నామన్నారు. రాష్ట్రమంతా నా పొట్టిది తలాడిస్తుందని కలగన్నదాన్ని నేను. చిన్నగా గుండెలో గుచ్చుకుంది. ఆ వెంటనే ఎక్కడి నుంచి పొంగిందో సంతోషం, పెద్దాయన భుజం మీద గట్టిగా కొట్టేశాను. ఆయన "నిదానం, నిదానం" అంటూ తనూ నవ్వేశాడు. మొదటి ఫోన్ బళ్లారికే చేశాను. ఆమె కేకలో కన్నడం తప్ప ఏమీ అర్థం కాలేదు.

మర్నాడు ఆళ్లగడ్డ వెళ్లాను. అక్క పొలం దున్నించి, విత్తనానికి సిద్ధం చేసి పెట్టుకుంది.

"అక్కా, పొట్టిది పాసయింది. కానీ లోతు నల్లరేగడికే. ఎర్రనేలల్లో రాదు" అన్నాను.

"రాదని ఎవురు చెప్పినారు?"

"మేమే చెప్పినాం. అందరికీ కనపడేటట్ల రాసిపెట్టినాం."

"మీరేనా? మీ రకం గురించి మీరే?"

"ఊఁ."

అక్క కొంగుతో ముఖం తుడుచుకుని నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది. తర్వాత పొలం వైపు తిరిగింది, ఇన్నేళ్లూ మాకిచ్చిన మూల నుంచి అవతలి గట్టుదాకా.

"విత్తనమిచ్చే వాళ్లు ఇది ఫలానా చోట రాదని చెప్పంగ నేను ఇంతవరకూ వినలేదు మేడం" అంది. "అట్లయితే ఈడ వస్తాదంటే నమ్ముతాలే. మూల కాదు, పొలమంతా అదే వేస్తా. బేగా తీసుకరా, వానలు వస్తాండాయి."